చిత్రాంగి చూసిన బొమ్మ

గత భాగంలో నిజాం రైలు బెజవాడ చేరిన చోట ఆగాం. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన ఆ దారి 1886లో వరంగల్లు, 1888లో డోర్నకల్లు, 1889లో బెజవాడ చేరింది. ఈ దారిలో మధిర దాటాక వచ్చే మా ఎర్రుపాలెం నిజాం రాజ్యానికి చివరి అంచు. జమలాపురం వెంకన్న గుడికి వచ్చే యాత్రికులు దిగే స్టేషను, సర్దార్ జమలాపురం కేశవరావు 1908లో పుట్టిన ఊరు. ఇక్కడ రైలెక్కితే యాభై కిలోమీటర్లలోపే బెజవాడ. పాలన హైదరాబాదుది, పాట మాత్రం బెజవాడ వైపు నుంచి వచ్చేది. కృష్ణా జిల్లా నాటక సమాజాల పేర్లు, కొత్తగా వచ్చిన గ్రామఫోను పద్యాలు, 1920లలో వెలసిన మారుతి సినిమా హాలు కబుర్లు, అన్నిటికీ దారి ఆ పట్టాలే.

ఆ దారిన వచ్చిన నాటకాల్లో ఒక్కదాని గురించే ఈ భాగమంతా చెప్పాలనుకుంటున్నాను. అది సారంగధర. ఐరోపావాళ్లు ఒపెరా అనేదానికి మనకున్న సరిజోడు పద్యనాటకం. ఆ పద్యనాటకాల్లో ప్రేమ, విషాదం రెండూ ఒకే ముడిలో బిగుసుకున్న కథ ఇది. నాటకంగా ఊరూరా తిరిగి, 1937లో ఒకసారి, 1957లో మరొకసారి తెలుగు తెరకెక్కింది.

కథ తెలియని పెద్దవాళ్లు మన వైపు తక్కువే. పిల్లల కోసం మొదటి నుంచి చెబుతాను, ఎందుకంటే ఎక్కడ మొదలుపెడతామన్నదే ఈ కథలో అసలు సంగతి.

రాజమహేంద్రవరం ఏలే రాజరాజ నరేంద్రుడికి పట్టపురాణి రత్నాంగి. వాళ్ల కొడుకు సారంగధరుడు. యువరాజుకు పెళ్లీడు రాగానే సంబంధాలు చూడటం మొదలైంది. ఇటు నుంచి పటాలు అటు వెళ్లాయి, అటు నుంచి ఇటు వచ్చాయి. చిత్రాంగి అనే కన్య సారంగధరుడి బొమ్మ చూసి మనసు పడింది. ఆమె బొమ్మ ఇక్కడికి వచ్చింది. దాన్ని చూసి మనసు పడినవాడు కొడుకు కాదు, తండ్రి. నరేంద్రుడు పెళ్లికి తాను వెళ్లకుండా తన కత్తిని పంపాడు. రాజుల ఇళ్లలో ఆ పద్ధతి ఉండేదట: కత్తికి బాసికం కట్టి, పిల్ల చేత దానికి దండ వేయించి తీసుకొస్తారు. కత్తి ఎవరిదో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. బొమ్మలో చూసినవాడి ఇంటికే వెళుతున్నాననుకుని పల్లకి ఎక్కింది. దిగిన తర్వాత తెలిసింది, తాను అతనికి సవతితల్లినయ్యానని.

రాజు వేటకు వెళ్లిన ఒక రోజున యువరాజు పావురాల పందెం ఆడుతుండగా అతని పావురం వెళ్లి చిత్రాంగి మేడ మీద వాలింది. మంత్రి కొడుకు సుబుద్ధి వద్దంటున్నా సారంగధరుడు దానికోసం మేడెక్కాడు. చిత్రాంగి తన మనసు చెప్పుకుంది. అతను తల్లీ అని దండం పెట్టాడు. ఆమె బతిమాలింది, బెదిరించింది. అతను విదిలించుకుని వచ్చేశాడు. వేట నుంచి తిరిగొచ్చిన రాజుకు ఆమె నింద చెప్పింది. రాజు విచారించలేదు. కొడుకు కాళ్లూ చేతులూ నరికించమని ఆజ్ఞ ఇచ్చాడు. అడవిలో ఆ పని జరిగిపోయింది. నిజం తర్వాత బయటపడింది.

కథలోని ఈ రాజు నిజంగా ఉన్నవాడే. రాజరాజ నరేంద్రుడు 1022 నుంచి 1061 దాకా వేంగి రాజ్యాన్ని ఏలిన తూర్పు చాళుక్యుడు. నన్నయ చేత భారతాన్ని తెలుగు చేయించినవాడు. కథ మాత్రం చరిత్రలో లేదు. ఆయన రాణి పేరు అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడిగా ప్రసిద్ధుడయ్యాడు. శాసనాల్లో రత్నాంగి లేదు, చిత్రాంగి లేదు, కాళ్లూ చేతులూ పోయిన యువరాజూ లేడు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది, దాని మీద సారంగధరేశ్వరుడి గుడి ఉంది. గోదావరి ఒడ్డున చిత్రాంగి మేడ ఇదేనని చూపించే దిబ్బ ఉంది. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజును తెలుగువాళ్లు కొడుకును నరికించిన తండ్రిగానూ గుర్తుపెట్టుకున్నారు. ఈ నింద ఆయనకు న్యాయం కాదు. చరిత్ర రాసేవాడిగా ఆ మాట చెప్పడం నా బాధ్యత.

మరి ఈ కథ ఎక్కడిది? మనకు దొరికే పాత తెలుగు రూపం 15వ శతాబ్దపు గౌరన ద్విపదలో ఉంది. నవనాథ చరిత్ర అనే ఆ పుస్తకం శ్రీశైలంతో ముడిపడిన నాథ సిద్ధుల కథల సంపుటి. అందులో కాళ్లూ చేతులూ నరికించుకున్న కుర్రవాడు ఒక సిద్ధుడి దయతో వాటిని తిరిగి పొంది, తానే చౌరంగి అనే సిద్ధుడవుతాడు. అంటే మొదట్లో ఇది ప్రేమ కథ కాదు. లోకం మీద ఆశ తెగిన మనిషి యోగిగా ఎలా మారాడో చెప్పే కథ. ఆడదాని మోహం అక్కడ ఒక ఉపాయం మాత్రమే, కుర్రవాడిని అడవికి పంపడానికి. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వెంకటకవి దీన్ని ప్రబంధం చేసేసరికి ఆ ఉపాయానికి కండ పట్టింది, నోరు వచ్చింది. విజయవిలాసం రాసిన ఆ చమత్కారి చేతిలో చిత్రాంగి మాటలు పదునెక్కాయి. యక్షగానాలుగా, చిందు భాగవతుల ఆటగా, ఇది పండితుల పుస్తకాల్లోంచి వాకిళ్లలోకి, పొలం గట్ల మీదికి దిగింది.

1883లో విజయనగరంలో గురజాడ అప్పారావు అనే ఇరవై యేళ్ల యువకుడు ఇదే కథను ఇంగ్లీషులో పద్యకావ్యంగా రాశాడు. ఇండియన్ లీజర్ అవర్ పత్రికలో వచ్చిన దాన్ని కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ చూసి, తన పత్రికలో మళ్లీ వేశాడు. నీ భాషలో రాయి అని ఆయన గురజాడకు హితవు చెప్పిన సంగతి సాహిత్య చరిత్రకారులందరూ రాశారు. కన్యాశుల్కం రాయబోయే చేయి మొదట పట్టుకున్న ఇతివృత్తం, ఇష్టం అడక్కుండా పెళ్లి చేసేసిన ఒక ఆడపిల్ల కథ. ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను.

ఇక అసలు మలుపు బళ్లారిది. ఇవాళ కర్ణాటకలో ఉన్న ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. కోర్టుల్లో, వ్యాపారంలో తెలుగు, కన్నడం రెండూ నడిచేవి. అక్కడి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టి 1912లో పోయిన ఈయనను ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. సరస వినోదిని సభ పెట్టి ముప్పై దాకా నాటకాలు రాసి ఆడించాడు. వాటిలో విషాద సారంగధర ఒకటి. తెలుగులో విషాదంతో ముగిసే నాటకానికి అదే మొదలు.

ఇది ఎంత సాహసమో ఇప్పుడు ఊహించడం కష్టం. సంస్కృత నాటక సంప్రదాయం ప్రకారం తెర పడేసరికి అంతా మంగళంగా ఉండాలి. రామాయణంలో సీత భూమిలో కలిసిపోయినా, భవభూతి ఉత్తరరామచరితంలో సీతారాములు కలుస్తారు. దుర్యోధనుడి చావుతో ముగిసే భాసుడి ఊరుభంగం అప్పటికి పండితులకే తెలియదు; గణపతిశాస్త్రి తిరువనంతపురంలో దాన్ని అచ్చు వేయించింది 1910 దాటాకే. సారంగధర కథలోనే సిద్ధుడు వచ్చి కాళ్లూ చేతులూ ఇచ్చే సుఖాంతం సిద్ధంగా ఉంది. దాన్ని పక్కన పెట్టి, జరిగిన ఘోరాన్ని ఘోరంగానే వదిలేసి, చూసినవాళ్లను కన్నీళ్లతో ఇంటికి పంపాలని ఆచార్యులవారు తీర్మానించుకున్నారు. షేక్స్పియర్ చదువుకున్న తరం ఆయనది. ఆ ప్రభావం ఉంది. కానీ ఎంచుకున్న కథ మన ముసలమ్మలు చెప్పే కథ. అందుకే అది నిలిచింది.

ఆయన చేసిన మరో పని, నాటకం నిండా పాటలు పెట్టడం. అప్పటికి పార్శీ కంపెనీలూ, ధార్వాడ కంపెనీలూ పాటల నాటకాలతో ఊళ్లేలుతున్నాయి. పద్యాన్ని రాగంలో సాగదీయడం, నడుమ కీర్తన ఎత్తుకోవడం, హార్మోనియం మెట్లు శ్రుతి పట్టి ఉండటం, ఇవన్నీ తెలుగు నాటకానికి వెన్నెముకయ్యాయి. ఈ పద్ధతిని పండితులు కొందరు విసుక్కున్నారు. ప్రాణం పోతున్నవాడు ఆలాపన చేస్తాడా అని అడిగారు. ఐరోపాలో ఒపెరా మీద కూడా సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. నా మటుకు నాకు ఆ ప్రశ్నే పొరపాటనిపిస్తుంది. మామూలు మాటతో చెప్పలేనంత దుఃఖం వచ్చినప్పుడు మన ఆడవాళ్లు శవం దగ్గర రాగం తీసి ఏడుస్తారు. అది ఎవరూ నేర్పింది కాదు. పద్యనాటకం ఆ ఏడుపును శ్రుతిలో పెట్టింది, అంతే.

1891లో బళ్లారి సభవారు మద్రాసు వెళ్లి నాటకాలాడారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు, మర్యాదస్తులు ముఖానికి రంగు పూసుకుని ఆడటం అక్కడివాళ్లకు కొత్త. చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడున్నాడు. తమిళంలో కూడా ఇలాంటి సభ ఉండాలని ఆ ఏడాదే స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. ఆధునిక తమిళ నాటకానికి పితామహుడని పేరు పొందిన ఆయన తన భాషలో సారంగధర కూడా రాశాడు. తమిళ నాటకం తన పుట్టుకను తెలుగు వకీళ్ల బృందంతో కలిపి చెప్పుకుంటుంది. మనం మాత్రం మన పిల్లల పుస్తకాల్లో ధర్మవరంవారి పేరు కూడా సరిగ్గా పెట్టలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఆ రోజుల్లో చాలా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. ఆడవాళ్లే ఆడవేషాలు వేసిన సురభి సమాజాల్లాంటివి వేరు. మగవాళ్లు కట్టిన చిత్రాంగుల్లో పెద్దపేరు స్థానం నరసింహారావుది. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభలో వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్న నటుడు. ఆయన సత్యభామనూ, రోషనారనూ, మధురవాణినీ, చింతామణినీ, చిత్రాంగినీ ఒక్కొక్కరిని ఒక్కో రకంగా నిలబెట్టాడు. ఏ పాత్రకు ఏ చీర, ఏ నడక, ఏ చూపు అన్నది ఆయనకు ఒక శాస్త్రం. చిత్రాంగి వేషంలో చాలామంది నటులకు ఉండే ప్రలోభం ఒకటుంది: ఆమెను బజారు వగలాడిగా చేసేస్తే జనం ఈలలు వేస్తారు, ఒన్స్ మోర్ అంటారు. ఆమెను రాజుల ఇంటి పిల్లగా, మోసపోయిన మనిషిగా చూపించాలంటే ఆ ఈలలు వదులుకోవాలి. ఈ పాత్ర మీద నటుడికి గౌరవం ఉందా లేదా అన్నది బొమ్మ సంగతి చెప్పే ఘట్టంలోనే తెలిసిపోతుంది. ఆ నాలుగు పద్యాలు గబగబా చదివేసి పావురం దగ్గరికి దూకితే కథ ఒక చెడ్డ ఆడదాని కథవుతుంది. వాటి దగ్గర నిలబడితే చూసేవాడికి ముగ్గురి మీదా జాలి కలుగుతుంది.

ఇప్పుడు తెరకు వద్దాం. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీశాడు. నటులు సురభివారు, నాటకం ధర్మవరం రామకృష్ణమాచార్యులది. అంటే తెలుగు సినిమా పలికిన మొదటి మాటల వెనక ఉన్నది, అప్పటికి ఇరవై ఏళ్ల క్రితం కన్నుమూసిన ఆ బళ్లారి వకీలే. ఆ దశాబ్దంలో సినిమా తీయడమంటే పేరున్న నాటకాన్ని, పేరున్న నటులతో, స్టూడియోలో మళ్లీ ఆడించి ఫిల్ము మీదికి ఎక్కించడం. 1935లో పి. పుల్లయ్య హరిశ్చంద్ర తీశాడు. అందులో అద్దంకి శ్రీరామమూర్తి, పులిపాటి వెంకటేశ్వర్లు, కన్నాంబ అందరూ రంగస్థలం మనుషులే. 1936లో ద్రౌపది వస్త్రాపహరణం కథ మీద రెండు కంపెనీలు పోటీపడి రెండు సినిమాలు వదిలాయి. ఆ ఏడాదే తమిళంలో కె. సుబ్రహ్మణ్యం నవీన సారంగధర తీశాడు, త్యాగరాజ భాగవతార్ కథానాయకుడు. మరుసటి ఏడు పుల్లయ్య తెలుగు సారంగధర వచ్చింది. బందా కనకలింగేశ్వరరావు, అద్దంకి, కన్నాంబ, శాంతకుమారి అందులో ఉన్నారు. శాంతకుమారికి, పుల్లయ్యకు పరిచయం ఈ సినిమా దగ్గరే. ఆ పరిచయం పెళ్లయింది.

1937 నాటి ఆ తీత ఎలా ఉండేదో కొంచెం వివరంగా చెప్పాలి. పాట ముందుగా రికార్డు చేసి పెదాలు కదిపే పద్ధతి మన దగ్గర ఇంకా స్థిరపడలేదు. నటుడు నటిస్తూనే పాడాలి. హార్మోనియం, తబలా వాళ్లు కెమెరా కంటపడకుండా చెట్టుబొమ్మ వెనకో, తెర పక్కనో కూర్చోవాలి. మైకు తల మీద వేలాడుతుంది, దానికి దూరం జరిగితే గొంతు పోతుంది. అందుకని నటులు నిలబడ్డ చోటు నుంచి కదలరు. వెయ్యి మందికి వినబడేలా పాడటానికి అలవాటుపడ్డ గొంతులు, చేతికందే దూరంలో ఉన్న మైకు ముందు తగ్గి పాడటం నేర్చుకోవాల్సి వచ్చింది. అరగంట సాగే పద్యఘట్టం కొన్ని నిమిషాలకు కుదించాల్సి వచ్చింది. ఒన్స్ మోర్ అనే జనం లేరు. ఇన్ని పోయాక నాటకానికి దక్కింది ఒక్కటి: ముఖం. చిట్టచివర నేల మీద కూర్చున్నవాడికి నాటకంలో ఎన్నడూ కనబడని చిత్రాంగి కళ్లు, సినిమా హాల్లో అందరికంటే ముందు కూర్చున్న నేల టికెట్టువాడికి మొదట కనబడ్డాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి. 1957లో మళ్లీ సారంగధర. దర్శకులు వి.ఎస్. రాఘవన్, కె.ఎస్. రామచంద్రరావు. సంగీతం ఘంటసాల. సారంగధరుడుగా ఎన్.టి. రామారావు, నరేంద్రుడుగా ఎస్.వి. రంగారావు, చిత్రాంగిగా భానుమతి. శాంతకుమారి ఈ సినిమాలోనూ ఉన్నారు. ఆ ఏడాది మార్చిలో వచ్చిన మాయాబజార్ వెలుగులో ఈ సినిమా కొంత మసకబారింది. దక్కాల్సిన చోటు దానికి దక్కలేదని నా అభిప్రాయం, ముఖ్యంగా భానుమతి కోసం.

ఆ సంవత్సరానికి రామారావుకు 34 ఏళ్లు, భానుమతికి 32, రంగారావుకు 39. కొడుకు కన్నా సవతితల్లి రెండేళ్లు చిన్న. ఈ లెక్క సినిమావాళ్లు కావాలని వేసింది కాకపోవచ్చు, కానీ తెర మీద అది కథకు సాక్ష్యం చెబుతుంది. ఎవరికి ఎవరు జతో చూసే కంటికి వెంటనే తెలుస్తుంది, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టారో కూడా తెలుస్తుంది. తన పాట తానే పాడుకునే నటి భానుమతి. రామారావు పెదాల మీద ఘంటసాల గొంతు వస్తుంది. చిత్రాంగి పెదాల మీద చిత్రాంగి గొంతే వస్తుంది. 1957 నాటికి తెలుగు సినిమాలో అలాంటి కథానాయిక ఒక్కరే మిగిలారనవచ్చు. మల్లీశ్వరిగా, విప్రనారాయణలో దేవదేవిగా ఆమెను చూసి ఉన్న జనం చిత్రాంగిని చూడటానికి వచ్చారు. భానుమతి తల వంచి ప్రాధేయపడే మనిషి కాదు. మోహం చెప్పుకుంటున్నప్పుడు కూడా ఆ కళ్లలో నాకు జరిగిన అన్యాయం నీకు తెలుసా అన్న నిలదీత ఉంటుంది. నాటకంలో నాలుగు పద్యాలకు పట్టే పని ఆమె ఒక చూపుతో చేసింది. తర్వాతి ఏడాది తమిళంలో శివాజీ గణేశన్ సారంగధరుడైనప్పుడు కూడా చిత్రాంగి ఆమే. ఇంకొకరిని వాళ్లు ఊహించుకోలేకపోయారు.

ఈ కథకు చుట్టాలు లోకమంతా ఉన్నారు. అశోకుడి కొడుకు కుణాలుడు, సవతితల్లి తిష్యరక్షిత కథ బౌద్ధుల దివ్యావదానంలో ఉంది. అక్కడ పోయేవి కళ్లు. గ్రీకులకు హిప్పోలిటస్, ఫేద్రా ఉన్నారు. యూరిపిడీస్ నాటకం క్రీస్తుకు పూర్వం 428 నాటిది, ఫ్రెంచివాడు రసీన్ 1677లో తిరగరాశాడు, రామో 1733లో దాన్ని ఒపెరా చేశాడు. కానీ వీటన్నిటిలో సవతితల్లి పెళ్లయ్యాకే కుర్రవాడి మీద మనసు పడుతుంది. ముందు కొడుకుకు అనుకున్న పిల్లను తండ్రి చేసుకోవడమనే మన కథకు దగ్గర చుట్టం ఒక్కటే: వెర్ది సంగీతం కూర్చిన దోన్ కార్లోస్. షిల్లర్ 1787లో రాసిన నాటకం మీద అల్లిన ఆ ఒపెరా 1867 మార్చి 11న పారిస్‌లో మొదటిసారి ఆడింది.

స్పెయిన్ యువరాజు కార్లోస్‌కు ఫ్రాన్సు రాజకుమారి ఎలిజబెత్‌ను అనుకున్నారు. ఫాంతెన్‌బ్లో అడవిలో అతను తనెవరో చెప్పకుండా ఆమెను కలుస్తాడు. ఆమె చేతికి ఒక పెట్టె ఇస్తాడు. అందులో యువరాజు బొమ్మ ఉంటుంది. బొమ్మ చూసి ఎదుటి మనిషిని చూసి ఆమె గుర్తుపడుతుంది. ఇద్దరి సంతోషం ఆ ఒక్క పాట సేపే. అంతలోనే కబురొస్తుంది, యుద్ధం ఆగాలంటే ఆమె కొడుకును కాదు, తండ్రి ఫిలిప్ రాజును చేసుకోవాలని. యుద్ధంలో నలిగిన పేద జనం ఒప్పుకోమని ఆమెను వేడుకుంటారు. ఆమె సరేనంటుంది. చిత్రాంగికి ఆ మాత్రం అడిగినవాళ్లు కూడా లేరు.

చరిత్ర విషయంలోనూ రెండూ ఒకటే. నిజంగా ఎలిజబెత్ 1559లో ఫిలిప్‌ను పెళ్లాడింది, ఆమె, కార్లోస్ ఇద్దరూ 1568లో పోయారు. వాళ్ల మధ్య ప్రేమ అన్నది కవుల కల్పన. నరేంద్రుడి మీద పడ్డ నింద లాంటిదే ఫిలిప్ మీదా పడింది.

ఈ ఒపెరా చాలా నిడివి. అందుకని 1884లో మిలాన్‌లో ఆడించేటప్పుడు మొదటి అంకం మొత్తం తీసేశారు. అడవి పోయింది, బొమ్మ పోయింది. ఎలిజబెత్ రంగం మీదికి వచ్చేసరికే రాణి, కార్లోస్‌కు సవతితల్లి. సంగీతం అంతే గొప్పగా ఉంటుంది. కానీ ఆమె దుఃఖానికి వేరు తెగిపోతుంది. చిత్రాంగి కథను పావురం దగ్గర మొదలుపెట్టడమూ, దోన్ కార్లోస్‌ను రెండో అంకం దగ్గర మొదలుపెట్టడమూ ఒకే నష్టం. కెమెరా కోసం తీసిన ప్రదర్శనల్లో ఆ మొదటి అంకం ఉన్నవి రెండు చెబుతాను. ఒకటి 1983లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరాలో జేమ్స్ లెవైన్ నడిపింది, ప్లాసిదో దొమింగో కార్లోస్, మిరెల్లా ఫ్రేనీ ఎలిజబెత్. రెండోది 1996లో పారిస్ షాత్లే రంగశాలలో ఆంతోనియో పపానో నడిపింది, లూక్ బోందీ దర్శకత్వంలో, మొదట రాసిన ఫ్రెంచి భాషలోనే. అందులో కార్లోస్ రొబెర్తో అలాన్యా, ఎలిజబెత్ కరితా మత్తిల, రాజు జోసే వాన్ దామ్. పద్యనాటకం తెలిసిన తెలుగువాళ్లు ఈ రెండోది చూడాలని నా కోరిక. భాష అక్కర్లేదు. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఆపి చూడాలో మనకు తెలిసిన విద్యే అది.

అందులో నాలుగో అంకం రాజుది. తెల్లవారుజామున ఫిలిప్ ఒంటరిగా కూర్చుని, ఈమె నన్ను ఏనాడూ ప్రేమించలేదని తనలో తాను ఒప్పుకుంటాడు. చెల్లో ముందు ఎత్తుకుంటుంది, తర్వాత గొంతు. సామ్రాజ్యమంతా తనదైన ముసలివాడు, ఫ్రాన్సు నుంచి వచ్చిన రోజున తన తల నెరుపు చూసిన ఆమె చూపును తలుచుకుంటాడు. రంగశాలలో అది దూరంగా ఒక మనిషి పాట. కెమెరా దగ్గరకు జరిగాక అది ఒక భర్త ముఖం.

మన నరేంద్రుడికి అలాంటి రాత్రి లేదు. ఆయన దుఃఖమంతా ఆజ్ఞ అమలైన తర్వాతే, కొడుకు కోసమే. తన కత్తి చేసిన పెళ్లి గురించి ఆయన ఒక్క క్షణమైనా కూర్చుని ఆలోచించిన ఘట్టం మన కథలో ఎవరూ రాయలేదు. గౌరన రాయలేదు, ఆయనకది అవసరం లేదు. తర్వాతి వాళ్లలోనూ ఆ పని చేసినవాళ్లు నాకు కనబడలేదు. రంగారావులాంటి నటుడు, ఆ గొంతు, ఆ కళ్లు 1957లో అందుబాటులో ఉండి కూడా ఆ ఒక్క ఘట్టం లేకపోవడం తెలుగు విషాద నాటకానికి మిగిలిపోయిన లోటు. పద్యనాటకం ఇంకా బతికే ఉంది. మన ఖమ్మం జిల్లాలో నవమి పందిళ్లలో హార్మోనియం ఇంకా మోగుతోంది. కొత్తగా పద్యం కట్టగలిగిన చేయి ఎవరికైనా ఉంటే, పావురం మేడ మీద వాలకముందే రాజు ఆ బొమ్మను తలుచుకునే ఒక రాత్రిని రాయమని అడుగుతున్నాను. పది పద్యాలు చాలు.

బళ్లారిలో ధర్మవరంవారి మేనల్లుడు ఒకడున్నాడు. మామ నాటకాల్లో నటిస్తూ పెరిగి, మామ పెట్టిన పాటల మీదే పెద్ద తగువు తెచ్చాడు. రాగాలు తగ్గించండి, మాట పలకండి, ఆడవేషం ఆడవాళ్లకే ఇవ్వండి అన్నాడు. 1928లో ఐరోపా వెళ్లి బెర్నార్డ్ షాను కలిశాడు, 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడుగా తెరకెక్కాడు. పేరు బళ్లారి రాఘవ. వచ్చే భాగం ఆయనది.